ఫ్లాపీలో దాచిన ఫోటోలు: తొలి డిజిటల్ కెమెరాలు కొన్నవాళ్ల చరిత్ర, అందులో మన పాఠం



మన గ్రూపులో భూముల చరిత్ర, పోరాటాల చరిత్ర, పండగల చరిత్ర మీద ఎప్పుడూ పోస్టులు వస్తూనే ఉంటాయి. ఈసారి మేం ఒక వస్తువు చరిత్ర రాస్తున్నాం. ఆ వస్తువు డిజిటల్ కెమెరా. ఇప్పుడు మన ఫోన్లలో ఉన్నది కాదు, దానికి తాతలాంటిది. 1994 నుంచి 2000 దాకా అమెరికాలో, జపాన్‌లో మామూలు జనం సొంత డబ్బు పెట్టి కొనుక్కున్న మొదటి కెమెరాలు. వాటితో వాళ్లకి ఏం నచ్చింది, ఏం విసుగొచ్చింది, చివరికి వాళ్ల ఫోటోలు ఏమయ్యాయి అన్నదే విషయం.

మనకెందుకు ఈ గోల అనుకోవద్దు. మన ఇళ్లలో చాలాచోట్ల తాత ఫోటో అంటే కార్డు కోసం దిగిన చిన్న ఫోటోని మండలంలో స్టూడియోవాళ్లు పెద్దది చేసి ఇచ్చిందే. నానమ్మకైతే అదీ ఉండదు. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన మనం ఇవాళ ఒక్కొక్కరం ఫోన్లో వేల ఫోటోలు పెట్టుకొని తిరుగుతున్నాం. కెమెరా మొదటిసారి చేతికొచ్చిన తరం మనది. వేరే దేశంలో మొదటిసారి డిజిటల్ కెమెరా పట్టుకున్నవాళ్లు ఏం పోగొట్టుకున్నారో తెలిస్తే మనం పోగొట్టుకోకుండా ఉండొచ్చు.

ముందు ఆ యంత్రం సంగతి

ఫిల్మ్ కెమెరాలో వెలుతురు వెళ్లి ఫిల్మ్ మీదున్న రసాయనం మీద పడుతుంది. ఆ ఫిల్మ్‌ని చీకటి గదిలో కడగాలి, కాగితం మీద ముద్ర వేయాలి. డిజిటల్ కెమెరాలో ఫిల్మ్ బదులు ఒక చిన్న సిలికాన్ పలక ఉంటుంది. అప్పటి కెమెరాల్లో వాడిన పలకని సీసీడీ అంటారు. వాన పడుతుంటే వాకిట్లో వరసగా గిన్నెలు పెట్టామనుకోండి. వాన ఆగాక ఏ గిన్నెలో ఎన్ని నీళ్లున్నాయో కొలిచి కాగితం మీద అంకెలు రాసుకోవచ్చు. సీసీడీ కూడా అంతే. దాని మీద వేల, లక్షల చిన్న గడులుంటాయి. ఏ గడిలో ఎంత వెలుతురు పడిందో అంకెగా మారుతుంది. ఆ అంకెలే ఫోటో. ఈ సీసీడీని 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు. 40 ఏళ్ల తర్వాత, 2009లో, ఇద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఆ పలకతో పూర్తి కెమెరా కట్టింది కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజనీరు. 1975లో, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో. దాని బరువు దాదాపు 3.6 కిలోలు. ఫోటో నలుపు తెలుపు, చుక్కలు 10 వేలు. ఒక్క ఫోటో టేప్ క్యాసెట్ మీదకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. తర్వాత దాన్ని టీవీలో చూడాలి. కొడాక్ బతికేదే ఫిల్మ్ అమ్మి, కాగితం అమ్మి, కడిగే రసాయనం అమ్మి. ఫిల్మే అక్కర్లేని కెమెరాని బజార్లోకి తేవడానికి ఆ కంపెనీకి తొందరేముంటుంది? డిజిటల్ కెమెరాని మొదట కట్టిన ఆ కంపెనీయే 2012 జనవరిలో దివాలా రక్షణ కోసం కోర్టుకెళ్లింది.

ఎనిమిది ఫోటోల కెమెరా

జనం చేతికి వచ్చిన తొలి రంగుల డిజిటల్ కెమెరాల్లో పేరు మోసింది ఆపిల్ క్విక్‌టేక్ 100. 1994లో వచ్చింది. దాని తయారీ వెనుక ఉన్నది కొడాకే, పైన పేరు మాత్రం ఆపిల్‌ది. అమెరికాలో ధర 750 డాలర్ల దగ్గర ఉండేది. చూడ్డానికి దుర్భిణిలా ఉంటుంది.

కొన్నవాళ్ల అనుభవం ఏంటంటే, 640 గుణించు 480 చుక్కల సైజులో తీస్తే ఎనిమిది ఫోటోలు. అంతే. ఇంకా చిన్న సైజులో అయితే 32. అప్పట్లో ఒక ఫిల్మ్ రోల్‌కి 36 ఫోటోలు వచ్చేవి. అన్ని డాలర్లు పోసి కొన్న కెమెరాలో ఎనిమిదే. పైగా తీసిన ఫోటో చూసుకోవడానికి వెనకాల ఫోటో చూపించే స్క్రీన్ లేదు. బాగా వచ్చిందో, కళ్లు మూసుకున్నారో కంప్యూటర్‌కి తీగ పెట్టేదాకా తెలీదు. ఒక ఫోటో పాడైతే దాన్నొక్కదాన్నే తీసేయడం కుదరదు. తీసేస్తే మొత్తం తీసేయాలి. ఫోకస్ తిప్పడం, జూమ్ చేయడం అనేవి లేవు.

మరెందుకు కొన్నారు? వాళ్లకు నచ్చింది ఒకటే. ఫిల్మ్ రోల్ అయ్యేదాకా ఆగక్కర్లేదు, ల్యాబ్‌కి ఇవ్వక్కర్లేదు. పొద్దున తీసిన ఫోటో పది నిమిషాల్లో కంప్యూటర్‌లో పెట్టి, రాసుకునే కాగితంలో కలుపుకోవచ్చు. కరపత్రాలు, ఆఫీసు కాగితాలు, స్కూలు పనులు చేసుకునేవాళ్లకి అది పెద్ద సంగతి. ఈ వరసలో ఇంకో రెండు కెమెరాలు వచ్చాయి గానీ, 1997లో స్టీవ్ జాబ్స్ ఆపిల్‌కి తిరిగొచ్చిన రోజుల్లో మొత్తం ఆపేశారు.

తీసిన వెంటనే చూపించిన కెమెరా

1995 మార్చిలో జపాన్‌లో కాసియో కంపెనీ క్యూవీ-10 అనే కెమెరా తెచ్చింది. కాసియో అంటే మనకి క్యాలిక్యులేటర్, చేతి గడియారం గుర్తొస్తాయి. ఆ కంపెనీ 1980ల చివర్లో ఒక ఎలక్ట్రానిక్ కెమెరా తెచ్చి చేతులు కాల్చుకుంది. దాంతో కెమెరా మాటెత్తితేనే పెద్దవాళ్లు ఒప్పుకునే పరిస్థితి లేదు. అయినా సుయేటకా హిరోయుకి అనే ఇంజనీరు, ఆయన జట్టు ఆ పని వదల్లేదు. మొదట్లో కట్టిన నమూనాలు ఎంత బరువు, ఎంత వేడి అంటే, వాళ్లే వాటికి ‘బరువమ్మ’, ‘వేడమ్మ’ అని అర్థం వచ్చేలా ఆడపిల్లల పేర్లు పెట్టుకొని నవ్వుకునేవాళ్లట.

చివరికి వచ్చిన క్యూవీ-10 ధర 65,000 యెన్‌లు. ఫోటో సైజు 320 గుణించు 240 చుక్కలే, అంటే క్విక్‌టేక్ పెద్ద ఫోటోలో నాలుగో వంతు. ఇప్పటి 12 మెగాపిక్సెల్ ఫోన్‌తో పోలిస్తే దాదాపు 150 రెట్లు తక్కువ. మొహాలు మసకమసకగా, అంచులు మెట్లు మెట్లుగా వచ్చేవి. కాగితం మీద అచ్చు వేస్తే తపాలా బిళ్ల కన్నా కాస్త పెద్దగా ఉంటేనే బాగుండేది.

కానీ దాని వెనకాల 1.8 అంగుళాల రంగుల స్క్రీన్ ఉంది. మామూలు జనం కొనుక్కునే డిజిటల్ కెమెరాకి అలాంటి స్క్రీన్ రావడం అదే మొదలు. బటన్ నొక్కగానే ఫోటో అక్కడే కనబడుతుంది. బాగా లేకపోతే అదొక్కటే తీసేయొచ్చు. 96 ఫోటోలు పడతాయి. లెన్స్ ఉన్న భాగాన్ని తిప్పొచ్చు, అంటే తనవైపు తిప్పుకొని స్క్రీన్‌లో చూసుకుంటూ తన ఫోటో తానే తీసుకోవచ్చు. ఇప్పుడు మనం సెల్ఫీ అనేది 1995లోనే అందులో ఉంది.

కొన్నవాళ్ల పెద్ద కష్టం బ్యాటరీలు. మామూలు పెన్సిల్ సెల్లులు నాలుగు వేయాలి. ఆ స్క్రీన్ వాటిని నమిలేసేది. జేబునిండా సెల్లులు పెట్టుకొని తిరగాల్సిందే. రెండో కష్టం కంప్యూటర్‌లోకి ఎక్కించడం. దానికి ప్రత్యేకమైన తీగ, ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ కావాలి. ఒక్కో ఫోటో నెమ్మదిగా, నత్తలాగా ఎక్కేది.

ఇన్ని కష్టాలున్నా అది అమ్ముడుపోయింది. ఎందుకంటే పదిమంది కూడినచోట ఫోటో తీసి, కెమెరా తిప్పి, ‘ఇదిగో చూడు’ అని చూపించొచ్చు. దిగినవాళ్లు అక్కడికక్కడే నవ్వుతారు, ‘నాది బాగాలేదు, ఇంకోటి తియ్’ అంటారు. అంతకుముందు ఫోటో బాగుందా లేదా అని తేల్చేది తీసినవాళ్లే. ఇక్కడి నుంచి దిగినవాళ్లకి కూడా ఒక మాట వచ్చింది. క్యూవీ-10 చేసిన పెద్ద మార్పు ఇదే అని మేం అనుకుంటున్నాం. 2012లో జపాన్ జాతీయ ప్రకృతి, విజ్ఞాన మ్యూజియం దీన్ని ముఖ్యమైన చారిత్రక వస్తువుల జాబితాలో చేర్చింది.

ఫ్లాపీ మింగే కెమెరా

ఇప్పుడు అసలు కథ. 1997లో సోనీ కంపెనీ మావికా ఎఫ్‌డీ-5, ఎఫ్‌డీ-7 అనే రెండు కెమెరాలు తెచ్చింది. మావికా పేరు పాతదే. 1981లోనే సోనీ ఆ పేరుతో ఒక నమూనా చూపించింది గానీ అది డిజిటల్ కాదు, వీడియోలాగా అయస్కాంత పళ్లెం మీద రికార్డు చేసేది. 1997లో వచ్చిందే అసలైన డిజిటల్ మావికా.

దీని ప్రత్యేకత ఏంటంటే, ఫోటోలు దాచేది మామూలు ఫ్లాపీ డిస్క్ మీద. మన గ్రూపులో చిన్నవాళ్లకి ఫ్లాపీ తెలియకపోవచ్చు. కంప్యూటర్‌లో ‘సేవ్’ గుర్తుగా ఒక చదరపు బొమ్మ ఉంటుంది చూడండి, అదే ఫ్లాపీ. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బిళ్ల, లోపల అయస్కాంత పూత ఉన్న పల్చటి పళ్లెం. అందులో పట్టేది 1.44 ఎంబీ. మన ఫోన్లో తీసిన ఒక్క ఫోటో 3, 4 ఎంబీ ఉంటుంది, అంటే ఒక ఫోటో కూడా పట్టదు. మావికా ఫోటోలు 640 గుణించు 480 చుక్కలవి కాబట్టి, నాణ్యంగా తీస్తే ఒక ఫ్లాపీకి 15 నుంచి 20, మామూలుగా తీస్తే 30 నుంచి 40 పట్టేవి.

ఫ్లాపీ పట్టాలి కాబట్టి కెమెరా ఇటుకలా ఉండేది. జేబులో పట్టదు. బటన్ నొక్కితే లోపల డిస్క్ తిరుగుతూ గిరగిరమని చప్పుడు. ఆ చప్పుడు ఆగేదాకా ఆగాలి, కొన్ని సెకన్లు పట్టేది. పరుగెత్తే పిల్లల ఫోటో తీద్దామంటే మొదటిది తీసి రెండోది తీసేలోపు పిల్లలు ఉండరు. కంటికి ఆనించుకొని చూసే కిటికీ లేదు, అంతా వెనకాల స్క్రీన్ లోనే. ఎండలో ఆ స్క్రీన్ తెల్లగా పాలిపోయి ఏమీ కనబడేది కాదు. చెయ్యి అడ్డం పెట్టుకొని అంచనాగా నొక్కేవాళ్లు. అప్పటికే ఇంతకన్నా చిన్న కెమెరాలు మెమరీ కార్డులతో వచ్చేశాయి. కాగితం మీద లెక్క చూస్తే మావికా ఓడిపోవాలి.

ఓడిపోలేదు. 1990ల చివర్లో అమెరికాలో బాగా అమ్ముడుపోయిన డిజిటల్ కెమెరాల్లో మావికాది ముందు వరస. కారణం ఆ ఫ్లాపీయే.

మెమరీ కార్డు అప్పట్లో ఖరీదు. దాన్ని చదవడానికి వేరే పరికరం కావాలి, లేదంటే తీగ, సాఫ్ట్‌వేర్ కావాలి. ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం తెలియనివాళ్లు కెమెరా కొని అలమరలో పెట్టేసేవాళ్లు. ఫ్లాపీ అయితే ఏ కంప్యూటర్ షాపులోనైనా పది బిళ్లల పెట్టె చవగ్గా దొరికేది. ఆ రోజుల్లో దాదాపు ప్రతి కంప్యూటర్‌కీ ఫ్లాపీ పెట్టే సందు ఉండేది. కెమెరాలోంచి తీయి, కంప్యూటర్‌లో పెట్టు, తెరువు. ఫోటోలు జేపెగ్ రకంలోనే ఉంటాయి కాబట్టి కొత్తగా నేర్చుకునేదేం లేదు. ఎఫ్‌డీ-7కి పది రెట్ల జూమ్ కూడా ఉండేది. బ్యాటరీ ఇంకా ఎన్ని నిమిషాలు వస్తుందో స్క్రీన్ మీదే అంకె వేసి చూపించేది. పెన్సిల్ సెల్లులతో విసిగిపోయినవాళ్లకి అదొక ఊరట.

అందుకే దాన్ని కొన్నవాళ్లలో ఫోటోగ్రాఫర్లు తక్కువ, పనివాళ్లు ఎక్కువ. ఇళ్లు అమ్మిపెట్టేవాళ్లు, ప్రమాదం జరిగిన కారు ఫోటో తీసుకోవాల్సిన ఇన్సూరెన్స్ వాళ్లు, బడి పంతుళ్లు. బడిలో ఒక్కటే కెమెరా ఉన్నా సరిపోయేది, ఎందుకంటే ఒక్కో పిల్లాడికీ ఒక్కో ఫ్లాపీ ఇవ్వొచ్చు. కెమెరా చేతులు మారుతుంది, ఎవరి ఫ్లాపీ వాళ్ల దగ్గర ఉంటుంది.

ఇంకో సంగతి. ఎవరిదైనా ఫోటో తీస్తే, ఆ బిళ్లని కెమెరాలోంచి తీసి అక్కడే వాళ్ల చేతిలో పెట్టేయొచ్చు. ‘తర్వాత పంపిస్తాం’ అనే మాటతో పని లేదు.

ఫోటో తిరిగి రావడం అనే మాట

ఇక్కడ కాసేపు మన వైపు చూద్దాం. ఎందుకంటే ‘తర్వాత పంపిస్తాం’ అనే మాట మనకి బాగా తెలుసు.

మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్స్టన్ 1909లో, కె. రంగాచారి సాయంతో, దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాల పుస్తకం తెచ్చాడు. మన ఏజెన్సీ తెగలు చాలా అందులో ఉన్నాయి. ఆయన మనుషుల తలలు, ముక్కులు కొలిపించేవాడు, ఫోటోలు తీయించేవాడు. అలాంటి పుస్తకాల్లో ఫోటో కింద సాధారణంగా తెగ పేరే ఉంటుంది. ఆ మనిషి పేరు ఉండదు. ఆమె ఎవరి అమ్మో, ఆయన ఏ ఊరి పెద్దో మనకి తెలీదు.

1940 తర్వాత క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ వచ్చాడు. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు. నల్లమలలో చెంచుల దగ్గర, గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర, ఆదిలాబాద్‌లో గోండుల దగ్గర ఉండి పుస్తకాలు రాశాడు. ఆయన్ను థర్స్టన్‌తో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. మన భూముల కోసం, బడుల కోసం నిజాం ప్రభుత్వానికి చెప్పినవాడు. మార్లవాయిలో ఇవాళ్టికీ ఆయన్ను, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌ని జనం తలుచుకుంటారు. అయినా ఆయన తీసిన వేల ఫోటోలు ఎక్కడున్నాయి? లండన్‌లో, సోయస్ అనే యూనివర్సిటీ భద్రతలో. అక్కడ ఉండబట్టే పాడవకుండా ఉన్నాయి, అది నిజం. మన ముత్తాతల మొహాలు చూడాలంటే ఆ దేశం వైపు చూడాల్సి వస్తోంది, ఇదీ నిజమే.

ఇప్పటికీ అంతే. మా ఊరి పండగకి ఒక సంస్థవాళ్లు వచ్చారు. రెండు రోజులు ఫోటోలు తీశారు. మా అమ్మలు, పిన్నులు ఆడుతున్న ఫోటోలు తర్వాత ఎక్కడో అచ్చయ్యాయని విన్నాం. ఊరికి ఒక్కటీ రాలేదు. అడిగితే పంపిస్తామన్నారు. ఈ గ్రూపులో ఇలాంటి అనుభవం లేని ఊరు ఉంటే చెప్పండి.

ఫోటో వెంటనే చేతికివ్వడం డిజిటల్‌తోనే మొదలైందని మేం అనడం లేదు. 1948లోనే అమెరికాలో పోలరాయిడ్ కెమెరా వచ్చింది. నొక్కిన నిమిషంలో కాగితం మీద ఫోటో వచ్చేది. కానీ ఒకటే వచ్చేది. తీసినవాళ్లు ఉంచుకుంటే దిగినవాళ్లకి లేదు, దిగినవాళ్లకి ఇచ్చేస్తే తీసినవాళ్లకి లేదు. ఫోటో అంకెలుగా మారాక ఆ తగాదా పోయింది. ఎన్ని నకళ్లైనా తీయొచ్చు, అన్నీ ఒకేలా ఉంటాయి. కాబట్టి 1990ల తర్వాత ‘ఫోటో ఇవ్వలేకపోయాం’ అనేవాళ్లకి యంత్రం మీద నెపం వేసే హక్కు లేదు. ఇవ్వకపోతే అది మనసు లేకపోవడమే.

మరి ఆ ఫ్లాపీలు ఏమయ్యాయి

మావికా కథ అక్కడితో అయిపోతే బాగుండేది. తర్వాత జరిగిందే మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

మొదటి దెబ్బ, కెమెరాలు బాగుపడటమే. ఫోటోలో చుక్కలు పెరిగేకొద్దీ ఫ్లాపీ చాలలేదు. 2000 నాటికి మావికాలు 20 లక్షల చుక్కల దాకా వచ్చాయి. అంత పెద్ద ఫోటోలు ఒక ఫ్లాపీకి నాలుగైదే పట్టేవి. సోనీ మెమరీ కార్డు సందు పెట్టింది, ఫ్లాపీ బదులు చిన్న సీడీ మీద రాసే మావికా తెచ్చింది. కొన్నేళ్లలో మావికా పేరే పోయింది.

రెండో దెబ్బ, ఫ్లాపీ చదివే యంత్రాలు పోవడం. 1998లో వచ్చిన ఆపిల్ ఐమ్యాక్‌కి ఫ్లాపీ సందే లేదు. మిగతా కంపెనీలు కూడా మెల్లమెల్లగా తీసేశాయి. 3.5 అంగుళాల ఫ్లాపీని పుట్టించింది సోనీయే, 2011 మార్చిలో జపాన్‌లో దాని అమ్మకం ఆపేసింది కూడా సోనీయే.

మూడో దెబ్బ ఫ్లాపీ లోపలే ఉంది. అది అయస్కాంత పూత. తేమకి బూజు పడుతుంది, దుమ్ముకి గీతలు పడతాయి, ఏళ్లు గడిస్తే రాసింది మాసిపోతుంది. ఫిల్మ్ కాస్త పాడైతే ఫోటో మీద మచ్చ పడుతుంది గానీ మొహం గుర్తుపట్టొచ్చు. ఫ్లాపీ ముఖ్యమైన చోట పాడైతే అందులో ఉన్న ఇరవై ఫోటోలూ ఒకేసారి పోవచ్చు. రాత్రికి కంప్యూటర్‌లోకి ఎక్కించి, అదే ఫ్లాపీని చెరిపి మళ్లీ వాడుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ కంప్యూటర్ పాడైన రోజు వాళ్ల ఫోటోలూ పోయినట్టే.

క్విక్‌టేక్, క్యూవీ-10 వాళ్లకి ఇంకో చిక్కు. ఆ ఫోటోలు కంపెనీ సొంత రకంలో ఉండేవి. పాత సాఫ్ట్‌వేర్ లేకపోతే ఫైలు కనబడుతుంది, ఫోటో తెరుచుకోదు. మావికా వాడిన జేపెగ్ అందరిదీ కాబట్టి, ఫ్లాపీ బతికి ఉంటే ఫోటో ఇవాళ కూడా తెరుచుకుంటుంది. చూశారా, చుక్కలు ఎన్ని అన్నదానికంటే అందరూ చదవగలిగే రకంలో ఉందా లేదా అన్నదే చివరికి ముఖ్యమైంది.

తారీకు సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి కెమెరాల్లో ఒక చిన్న గడియారం ఉంటుంది. తారీకు పెట్టకుండా వాడితే, లేదా బ్యాటరీ అయిపోయి చాలాకాలం ఉంటే, అది మొదటికి వచ్చేస్తుంది. పెళ్లి ఫోటోకీ, ఆ పెళ్లి తర్వాత పుట్టిన పాప ఫోటోకీ ఒకే తారీకు పడేది.

ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. 1940లలో ఫిల్మ్ మీద తీసిన మన పెద్దల ఫోటోలు 80 ఏళ్ల తర్వాత కూడా చూడగలుగుతున్నాం. 1997లో డబ్బున్న దేశంలో ఫ్లాపీ మీద తీసుకున్న ఎన్నో కుటుంబాల ఫోటోలు పాతికేళ్లకే అందకుండా పోయాయి. తేడా ఫిల్మ్ గొప్పతనం ఒక్కటే కాదు. ఆ ఫోటోలకి ఒక గది ఉంది, జాబితా ఉంది, చూసుకునే మనిషి ఉన్నాడు. ఫ్లాపీల పెట్టెకి అవేవీ లేవు.

మన సంగతి

ఇప్పుడు మన ఫోన్లు చూసుకుందాం. పగిలిన ఫోన్‌తో పాటు పోయిన ఫోటోలు ఎన్ని? నిండిపోయిందని గబగబా చెరిపేసినవి ఎన్ని? మన ఊరి కొలుపు ఫోటోలు, ముసలి వెజ్జు ఫోటో, పాత ఇంటి ఫోటో ఎవరో ఒకరి వాట్సాప్‌లోనే ఉంటాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఫోటో లోపల దాగి ఉండే తారీకు, చోటు వివరాలు కూడా పోతాయి. అంటే ఆ ఫోటో ఎప్పటిదో చెప్పే సాక్ష్యం పోయినట్టే.

సాక్ష్యం అనే మాట ఊరికే వాడలేదు. అటవీ హక్కుల చట్టంలో 2005 డిసెంబర్ 13 అనే తారీకు మనందరికీ తెలుసు. ఆ రోజుకి ముందు నుంచి భూమి మీద ఉన్నామని చూపించాలి. దాని నియమాల్లో ఏవేవి ఆధారాలో రాసి ఉంది. ఇల్లు, గుడిసె, చదును చేసిన నేల, గట్లు, బావులు, శ్మశానాలు, పూజించే చోట్లు, పెద్దల వాంగ్మూలం, అన్నీ ఉన్నాయి. 2005కి ముందు ఆ గట్టు మీద నిలబడి తారీకుతో ఒక్క ఫోటో తీసుకునే కెమెరా మన తాతల దగ్గర ఉంటే ఎంత బలంగా ఉండేది! అప్పటికి లోకంలో డిజిటల్ కెమెరాలు వచ్చి పదేళ్లు దాటింది. మన కొండ మీదకి రాలేదు. ఇప్పుడు వచ్చింది. రేపు ఏ తారీకు అడుగుతారో, ఏ ఊరు మునుగుతుందో, ఏ చెట్టు కింద దేవర ఉండేదని నిరూపించమంటారో మనకి తెలీదు. ఇవాళ తీసి దాచింది అప్పుడు మాట్లాడుతుంది.

అందుకే మా హాస్టల్లో మేం కొందరం కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. మీరూ చేయగలిగినవే.

ఒకటి. ఫోటో తీసేముందు అడగాలి. తీశాక చూపించాలి. వద్దంటే వాళ్ల ముందే చెరిపేయాలి. వేరేవాళ్లు మనకి చేయని మర్యాద మన పెద్దలకి మనమైనా చేయాలి.

రెండు. పేరు రాయాలి. మనిషి పేరు, ఇంటి పేరు, ఊరు, తారీకు, ఏ సందర్భమో. తెగ పేరు ఒక్కటే రాస్తే థర్స్టన్‌కీ మనకీ తేడా లేదు.

మూడు. ఒక్కచోట దాచొద్దు. ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఆన్‌లైన్ ఖాతాలో ఒకటి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి. అప్పుడు సైజు తగ్గదు, తారీకు పోదు. రెండు మూడేళ్లకోసారి కొత్త పరికరంలోకి మార్చుకోవాలి. పెన్‌డ్రైవ్ కూడా రేపటి ఫ్లాపీయే.

నాలుగు. దిగినవాళ్లకి ఇవ్వాలి. ఫోన్ లేని ముసలివాళ్లకి కాగితం మీద ప్రింట్ తీయించి ఇవ్వాలి. ఒక ప్రింట్ ఖర్చు మనం తాగే రెండు టీల ఖర్చు. పది ఫోటోల్లో ఒక్కటైనా కాగితం మీదకి ఎక్కితే, అది ఏ యంత్రమూ లేకుండా కంటితో చూడగలిగే నకలు.

ఐదు. ఎవరైనా మన ఊరికి కెమెరాతో వస్తే, వెళ్లేలోపే ఫోటోలు ఊళ్లో ఒకరి ఫోన్‌లోకి ఎక్కించమని అడగాలి. 1997లో ఫ్లాపీ తీసి చేతిలో పెట్టేంత సులువు ఉన్నప్పుడు, 2020ల్లో ఒక్క బటన్‌తో పంపడం వాళ్లకి కష్టమేమీ కాదు. అడగడానికి మనమే మొహమాటపడుతున్నాం.

సెలవులకి ఇళ్లకి వెళ్తున్నాం కదా. ఈసారి వెళ్లినప్పుడు ఒక్కొక్కరం ఒక పెద్ద మనిషి ఫోటో తీసి, పేరు, ఊరు రాసి, ఒక ప్రింట్ వాళ్ల చేతికిచ్చి రండి. ఇచ్చినప్పుడు వాళ్లు ఏమన్నారో వచ్చి ఇక్కడ రాయండి. వాళ్లు ఒప్పుకున్న ఫోటోలకి ఊరివారీగా జాబితా మేం తయారు చేస్తాం.

జోహార్.